ఆఫీసు గడువుల జాబితాకు ఏ యాప్ మేలు: ఐఫోనుకే పరిమితమైనదా, అన్ని ఫోనుల్లో నడిచేదా?

ప్రశ్న: తెనాలి లెక్కలు

అందరికీ నమస్కారం. నేను తెనాలిలో ట్యాక్స్ ప్రాక్టీసు చేస్తాను. జీఎస్టీకి ముందున్న వ్యాట్ రోజుల నుంచీ ఇదే పని. ఇప్పుడు నా చేతిలో 43 పార్టీలు, అంటే క్లయింట్లు, ఉన్నాయి: రైసు మిల్లులు, ఎరువుల దుకాణాలు, బంగారు కొట్లు, రెండు కల్యాణ మండపాలు. ఆఫీసులో నాతో కలిపి ముగ్గురం. ఒక అమ్మాయి రోజూ రేపల్లె నుంచి రైల్లో వస్తుంది. ఒక కుర్రవాడు ఊళ్లోనే ఉంటాడు.

మా పనంతా తేదీల మీద నడుస్తుంది. 7న టీడీఎస్ కట్టాలి. 11న అమ్మకాల వివరాలు చూపే జీఎస్టీఆర్-1, మూడు నెలలకోసారి రిటర్ను వేసేవాళ్లకు అది 13. పీఎఫ్, ఈఎస్ఐ 15న. పన్ను లెక్క తేల్చి కట్టే జీఎస్టీ రిటర్ను 3బి 20న, మూడు నెలల వాళ్లకైతే మన రాష్ట్రంలో 22. ఆ మూడు నెలల వాళ్లే మధ్య నెలల్లో పన్ను కట్టడానికి 25. ఇవన్నీ ఇన్నాళ్లూ నా తలలో, ఒక పొడుగాటి రిజిస్టరులో ఉండేవి. రెండేళ్ల కిందట మా అమ్మాయి ఉద్యోగంలో చేరి నాకు ఐఫోను, మ్యాక్‌బుక్ కొనిపెట్టింది. అప్పటి నుంచి గడువులన్నీ ఐఫోనులో వచ్చే రిమైండర్స్‌లో పెట్టుకుంటున్నాను. చక్కగా మోగుతుంది, చక్కగా గుర్తుచేస్తుంది.

రెండు నెలల కిందట మా అమ్మ స్నానాల గదిలో జారిపడి తుంటి విరిగింది. గుంటూరు ఆసుపత్రిలో ఆపరేషన్. ఆ రోజు 20వ తేదీ. ఉదయం పది గంటలకు థియేటర్ బయట కూర్చుని ఉండగా ఫోను మోగింది. ఒక రైసు మిల్లు 3బి. ఆపేశాను. మళ్లీ ఆ సంగతి గుర్తొచ్చింది 23న. నా దగ్గర పనిచేసే ఆ పిల్లలిద్దరూ ఆ మూడు రోజులూ ఆఫీసులోనే ఉన్నారు, ఆ రిటర్ను వేయడం ఇద్దరికీ వచ్చు. కానీ వేయలేదన్న సంగతి వాళ్లకు తెలియదు, ఎందుకంటే జాబితా నా ఫోనులో ఉంది, ఫోను నా సంచిలో ఉంది. రోజుకు 50 చొప్పున 150 రూపాయల ఆలస్య రుసుము, పైన కొంత వడ్డీ నేనే కట్టాను. డబ్బు పెద్దది కాదు. మిల్లు యజమాని ఒక్క మాట కూడా అనలేదు. పదకొండేళ్లుగా నమ్మి పుస్తకాలు అప్పగించిన మనిషి ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

అందుకని సరైన యాప్ కోసం వెతుకుతున్నాను. థింగ్స్ అనే యాప్‌ను మ్యాక్‌లో పదిహేను రోజులు ఉచితంగా వాడి చూశాను. అంత శుభ్రంగా, అంత నెమ్మదిగా మనసును కూర్చోబెట్టే పరికరం నేను చూడలేదు. కానీ అది యాపిల్ వాటిలోనే నడుస్తుంది. ఆఫీసులో రెండు విండోస్ కంప్యూటర్లు, ఆ పిల్లలిద్దరివీ ఆండ్రాయిడ్ ఫోనులు. అన్నిటిలో నడిచే టోడోయిస్ట్, టిక్‌టిక్, మైక్రోసాఫ్ట్ టు డు కూడా తెరిచి చూశాను. పని చేస్తాయి, కానీ థింగ్స్‌లో దొరికిన ఆ నిదానం వాటిలో కనిపించలేదు.

నేను అడిగేది ఇది. ఇష్టమైనదాన్ని వదులుకుని అందరికీ అందేదాన్ని తీసుకోవాలా? లేక నాకొకటి, ఆఫీసుకొకటి పెట్టుకోవచ్చా? పార్టీల పేర్లు, గమనికలు నేను తెలుగులోనే రాస్తాను, అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి. అమ్మ ఇప్పుడు వాకరుతో నడుస్తోంది. మళ్లీ ఇలాంటి రోజు రాదని అనుకోవడానికి లేదు.


సమాధానం 1: ప్రూఫులు దిద్దేవాడు, హైదరాబాదు

అమ్మగారు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను మేడమ్.

థింగ్స్ మీద మీ ఇష్టాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నేను 2018 నుంచి అదే వాడుతున్నాను. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉన్న కల్చర్డ్ కోడ్ అనే చిన్న సంస్థ దాన్ని తయారుచేస్తుంది. ఇప్పుడున్న మూడో వెర్షన్ 2017 మేలో వచ్చింది. నేను వాడటం మొదలుపెట్టినప్పుడు ఒకసారి కొన్నాను. మ్యాక్‌కు, ఐఫోనుకు విడివిడిగా కొనాలి, అది నిజమే. కానీ ఆ తర్వాత ఇన్నేళ్లలో మళ్లీ ఒక్క రూపాయి అడగలేదు. రెండింటిలో జాబితాను ఒకేలా ఉంచే సింక్‌కు కూడా విడిగా డబ్బు లేదు.

నా పని అచ్చుకు వెళ్లే పుస్తకాల ప్రూఫులు దిద్దడం. దిద్దుతుండగా ఒక సందేహం వస్తుంది. మూడో అధ్యాయంలో ఈ ఊరి పేరు మరోలా ఉంది కదా అని. కంట్రోల్, స్పేస్ నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. సందేహం రాసి ఎంటర్ కొడితే అది మాయమవుతుంది, నా కళ్లు మళ్లీ అదే పంక్తి మీద ఉంటాయి. చేతికి, ఆలోచనకు మధ్య అడ్డం ఏమీ ఉండదు. ఒక వ్యవస్థ (ఆపరేటింగ్ సిస్టమ్) కోసమే రాసిన యాప్ విలువ నాకు తెలిసింది అక్కడే. సాయంత్రం చేయాల్సిన పనులను ఆ రోజు జాబితాలోనే కింద వేరుగా చూపించే ఏర్పాటు కూడా నాకు చాలా ఇష్టం. పొద్దున్నే సాయంత్రం పని కళ్లబడి కంగారు పెట్టదు.

కానీ నేను ఒంటరిగా పని చేస్తాను. థింగ్స్‌లో జాబితాను మరొకరితో పంచుకునే వీలు లేదు. మీ ఇద్దరు పిల్లలకూ ఐఫోనులు కొనిచ్చినా అది ముగ్గురి జాబితా కాలేదు. మీ అవసరానికి ఇది సరిపోదని, దాన్ని ఇంత ఇష్టపడే నేనే చెబుతున్నాను.


సమాధానం 2: యాప్‌లు రాసే పని, బెంగళూరు

మేడమ్ గారూ, మొబైల్ యాప్‌లు రాయడం నా ఉద్యోగం. మాది ఒంగోలు. మా నాన్నగారు కూడా మీలాగే రిటర్నులు వేసేవారు కాబట్టి మీ ప్రశ్న చదివి ఊరుకోలేకపోయాను. కాస్త పొడుగ్గా రాస్తాను.

ముందుగా ఒక చిక్కు విడదీయాలి. ‘నేటివ్’ అనే మాటను జనం రెండు అర్థాల్లో వాడతారు. ఒకటి, ఆ ఫోను వ్యవస్థ ఇచ్చిన పనిముట్లతోనే రాసిన యాప్. రెండోది, ఆ ఒక్క వ్యవస్థలోనే దొరికే యాప్. థింగ్స్ రెండు అర్థాల్లోనూ నేటివే. కానీ రెండూ ఎప్పుడూ కలిసి ఉండాలని లేదు. బెర్లిన్‌లో పుట్టిన వండర్‌లిస్ట్ అన్నిటిలో నడిచే యాప్. మొదట 2010లో దాన్ని టైటానియం అనే ఒకే పనిముట్టుతో అన్నిటికీ కలిపి రాశారు. తర్వాత 2012లో రెండో వెర్షన్‌కు ఒక్కో వ్యవస్థకు విడిగా, దాని పనిముట్లతోనే మళ్లీ రాశారు. అంటే అన్ని చోట్లా దొరుకుతూనే నేటివ్ కూడా అయింది. మీరు చూసిన టోడోయిస్ట్ కంప్యూటర్ యాప్ మరో రకం. ఎలక్ట్రాన్ అనే పద్ధతిలో ఒక బ్రౌజర్‌నే లోపల పెట్టుకుని వస్తుంది. అందుకే మెమరీ ఎక్కువ తీసుకుంటుంది.

మీ ఆఫీసు కంప్యూటర్లలో ట్యాలీ తెరిచి ఉంటుంది, జీఎస్టీ పోర్టల్ నాలుగైదు ట్యాబుల్లో ఉంటుంది. వాటి మెమరీ 4 జీబీ అయితే ఇంకో ఎలక్ట్రాన్ యాప్ ఇన్‌స్టాల్ చేయకండి. ఎలాగూ బ్రౌజర్ తెరిచే ఉంది కాబట్టి అందులోనే ఒక ట్యాబులో జాబితా పెట్టండి. పిల్లలు యాప్‌ను ఫోనులో వాడితే చాలు.

తెలుగు గురించి అడిగారు. ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ అక్షరం ప్రపంచమంతా వార్తల్లోకి ఎక్కింది. ఆ అక్షరం మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు చేరిన రూపంలో ఎవరైనా పంపితే, దాన్ని చూపించబోయిన యాప్ ఐఫోనులో కుప్పకూలేది. అక్షరాలను గీసే పని యాప్‌లది కాదు, వ్యవస్థది. తప్పు అక్కడ ఉంది కాబట్టి దాని మీద ఆధారపడిన యాప్‌లన్నిటికీ అదే గతి పట్టింది. కొద్ది రోజుల్లోనే ఐఫోను వ్యవస్థ కొత్త వెర్షన్ ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. నేటివ్ యాప్ వ్యవస్థలోని మంచినీ తీసుకుంటుంది, తప్పునూ తీసుకుంటుంది. ఇప్పుడైతే మీరు చెప్పిన యాప్‌లు అన్నిటిలోనూ తెలుగు బాగానే కనిపిస్తుంది. పరీక్షకు ‘శ్రీ లక్ష్మీనరసింహ ట్రేడర్స్’ లాంటి వత్తులున్న పేరు రాసి, అందులో ‘లక్ష్మీ’ అని వెతికి చూడండి. కనిపించడం ఒక ఎత్తు, వెతికితే దొరకడం ఇంకో ఎత్తు. ఒక చిన్న ఇబ్బంది కూడా ఉంది. టోడోయిస్ట్‌లో పని పేరు పక్కనే తేదీ రాస్తే అదే పట్టుకుంటుంది, కానీ ఆ తేదీ మాటలు ఇంగ్లీషులో రాయాలి, తెలుగులో రాస్తే పట్టుకోదు.

ఇక అసలు విషయం, గంట. యాప్ ఎంత అందంగా ఉన్నా గడువు రోజున గంట మోగకపోతే ఎందుకు? ఫోనులో గంట మోగించేది యాప్ కాదు. యాప్ ముందుగా వ్యవస్థకు చెప్పి ఉంచుతుంది, సమయం వచ్చినప్పుడు వ్యవస్థ మోగిస్తుంది. ఐఫోనులో ఒక యాప్ ఇలా ముందుగా అప్పగించగలిగే గంటలు 64 మాత్రమే. అంతకన్నా ఎక్కువ కావాలంటే యాప్ తెరిచినప్పుడల్లా కొత్తవి నింపుకోవాలి, లేదా ఎక్కడో సర్వరు నుంచి పంపించాలి. మీకు 43 పార్టీలు, ఒక్కొక్కరికీ రెండు మూడు గడువులు. ఒక్కో పార్టీకీ ఒక్కో గంట పెట్టారంటే నూరు దాటుతుంది. అలా పెట్టకండి. గడువుకు ఒక గంట, ఆ గడువు కింద పార్టీల పేర్లు. అప్పుడు నెలకు మీకు ఏడుసార్లే గంట మోగుతుంది, ఒక్కోదానికీ రెండు రోజుల ముందు ఇంకొకటి. ఒకేరోజు నలభై సార్లు మోగితే చెయ్యి అలవాటుగా ఆపేస్తుంది. ఆసుపత్రిలో మీరు ఆపేయడం తప్పు కాదు, ఎవరైనా అదే చేస్తారు. ఆ గంట మీ ఒక్కరికే వినపడేలా ఉండటమే అసలు లోపం.

ఆండ్రాయిడ్ దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి, ఫోను కదలకుండా పడి ఉంటే బ్యాటరీ ఆదా కోసం యాప్‌లను నిద్రపుచ్చుతుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి సరిగ్గా నిమిషానికి మోగించాలంటే యాప్‌కు ప్రత్యేక అనుమతి ఉండాలి. 13 నుంచి నోటిఫికేషన్ చూపించడానికే అడగాలి. 14లో ఆ నిమిషం అనుమతి కొత్తగా వేసుకున్న చాలా యాప్‌లకు దానంతట అది రాదు. వీటికి తోడు కొన్ని ఫోను కంపెనీలు సొంతంగా ఇంకా కఠినమైన ఆదా పద్ధతులు పెడతాయి. కాబట్టి పిల్లల ఫోనుల్లో సెట్టింగ్స్‌కు వెళ్లి మూడు చూడండి: నోటిఫికేషన్లు అనుమతించారా, అలారాలు, రిమైండర్ల అనుమతి ఉందా, బ్యాటరీ దగ్గర ఆ యాప్‌కు పరిమితి తీసేశారా. ‘ఆటోస్టార్ట్’ అని కనిపిస్తే అది కూడా వేయండి. ఈ నాలుగు నిమిషాల పని చేయకుండా యాప్ బాగోలేదని తీసేసేవాళ్లను నేను ఎందరినో చూశాను.

మళ్లీ మళ్లీ వచ్చే పనులకు ఒక మెలిక ఉంది, మీ వృత్తిలో ఇది చాలా ముఖ్యం. 11న ఉన్న జీఎస్టీఆర్-1ను మీరు 8నే వేసి టిక్కు పెట్టారనుకోండి. తర్వాతిది 11న రావాలా, 8న రావాలా? గడువు నుంచి లెక్కించే పద్ధతి వేరు, పూర్తి చేసిన రోజు నుంచి లెక్కించే పద్ధతి వేరు. మీకు కావలసింది మొదటిది. టోడోయిస్ట్‌లో ‘ఎవ్రీ’ అన్న మాటకు ఆశ్చర్యార్థకం తగిలిస్తే రెండోది అవుతుంది, ఉత్తగా రాస్తే మొదటిది. థింగ్స్‌లోనూ, టిక్‌టిక్‌లోనూ ఈ రెండు రకాలూ ఉన్నాయి. ఏది తీసుకున్నా ముందు ఒక పనికి ఇది పెట్టి, గడువుకు ముందే టిక్కు పెట్టి, తర్వాతి తేదీ ఎక్కడ పడిందో చూడండి.

నా మాట: ఆఫీసు జాబితాకు అందరి ఫోనుల్లో, విండోస్‌లో నడిచేదే తీసుకోండి. మైక్రోసాఫ్ట్ టు డు ఉచితం, జాబితాను లింకుతో పంచుకోవచ్చు, పనిని ఒకరి పేరున వేయవచ్చు. టోడోయిస్ట్‌కు ఉచిత ప్లానులో 5 ప్రాజెక్టులే ఇస్తారు. పార్టీకొకటి చొప్పున పెడితే చాలవు. టీడీఎస్, జీఎస్టీఆర్-1, 3బి, పీఎఫ్-ఈఎస్ఐ, మిగతావి అని పెట్టుకుంటే సరిగ్గా సరిపోతాయి. గంట మాత్రం ఒకరిది ఇంకొకరికి మోగుతుందని నమ్ముకోవద్దు. ఎవరి ఫోనులో వాళ్లే పెట్టుకోండి.

మీ సొంత పనులకు రిమైండర్స్ అలాగే ఉంచుకోండి. అమ్మగారి మందులు ఆఫీసు జాబితాలో ఉండాల్సిన పని లేదు.


సమాధానం 3: పాత జాబితాలు, వరంగల్

అక్కా, పైన తమ్ముడు చెప్పినదంతా సరైనదే. నేను ఒక్కటి కలుపుతాను. యాప్‌లో చేరేముందు అందులోంచి బయటికి వచ్చే దారి చూసుకోండి.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పదేళ్లకు పైగా పరీక్షల పనులు, పిల్లల స్కాలర్‌షిప్ గడువులు ఇలాంటి యాప్‌ల్లోనే పెట్టుకుంటున్నాను. మధ్యలో ఒకటి మూతపడింది. దాని పేరు ఇక్కడ అనవసరం. అందులో నాలుగేళ్ల జాబితాలు ఉన్నాయి. బయటికి తీసుకునే గడువు ఇచ్చారు, నేనే వేసవి సెలవుల్లో చూసుకోలేదు. ఏ పిల్లవాడికి ఏ సర్టిఫికెట్ కోసం ఏ ఆఫీసుకు వెళ్లానో రాసుకున్న గమనికలన్నీ పోయాయి.

అందరికీ తెలిసిన ఉదాహరణలు చూడండి. ఆండ్రాయిడ్‌లో చాలామంది వాడిన ఆస్ట్రిడ్‌ను 2013 మేలో యాహూ కొన్నది. అదే ఏడాది ఆగస్టు 5న మూసేసింది. వండర్‌లిస్ట్‌ను 2015లో మైక్రోసాఫ్ట్ కొని, 2020 మే 6న ఆపేసింది. జాబితాలను టు డులోకి తెచ్చుకునే ఏర్పాటు మాత్రం చేసింది. ఆస్ట్రిడ్ కథ మరో మలుపు తిరిగింది. దాని కోడు అందరికీ తెరిచి ఉండటంతో దాన్నుంచి టాస్క్స్ అనే యాప్ పుట్టింది. ఆండ్రాయిడ్‌లో ఈరోజుకీ అది నడుస్తోంది. నేను ఇప్పుడు వాడుతున్నది అదే.

యాప్‌ల మధ్య పనులు మార్చుకోవడానికి ఒక ఉమ్మడి పద్ధతి కూడా ఉంది, క్యాల్‌డావ్ అంటారు. 2007లోనే ప్రమాణంగా రాశారు. టాస్క్స్‌లో అది ఉంది. ఐఫోను రిమైండర్స్ కూడా ఒకప్పుడు ఆ దారిలోనే యాపిల్ వారి ఆన్‌లైన్ నిల్వ ఐక్లౌడ్‌తో మాట్లాడేది. 2019లో ఐఓఎస్ 13తో దాన్ని తిరగరాశాక, కొత్త పద్ధతికి మార్చుకున్న జాబితాలు ఆ దారిలో బయటి యాప్‌లకు కనిపించవు. కాబట్టి మీ రిమైండర్స్‌ను పిల్లల ఆండ్రాయిడ్ యాప్‌లో చూపించే ఉపాయం ఎవరైనా పాత వ్యాసం చూసి చెబితే దాని వెంట పడకండి. బ్రౌజర్‌లో ఐక్లౌడ్ తెరిచి చూడొచ్చు, కానీ వాళ్ల ఫోనులో గంట మోగదు.

అక్కా, మీ రిజిస్టరు పారేయకండి. నెలాఖరున జాబితాను ఒకసారి కాగితం మీద ముద్రించి అందులో అంటించండి.


సమాధానం 4: కరీంనగర్ సీఏ ఆఫీసు

ఇవన్నీ ఎందుకండీ, గూగుల్ షీట్ చాలదా? మాకు 100కు పైగా క్లయింట్లు. ఒక వరసలో పేరు, పక్కన గడువులు, అయిపోతే ఆకుపచ్చ రంగు. ఎవరు ఎక్కడున్నా కనిపిస్తుంది.


సమాధానం 2 నుంచి మళ్లీ: యాప్‌లు రాసే పని

చూడటానికి షీట్ చాలా మంచిది సార్. ఏ పార్టీది మిగిలిందో ఒక్క చూపులో తెలుస్తుంది. కానీ ఎవరైనా తెరిస్తేనే అది చెబుతుంది. మేడమ్ గారి సమస్య ఎవరూ తెరవని రోజుది. రెండూ కలిపి వాడుకోవచ్చు.


ప్రశ్న అడిగిన వారు: తెనాలి లెక్కలు, రెండు నెలల తర్వాత

అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. ఏం చేశానో చెప్పకుండా వదిలేయడం బాగుండదని రాస్తున్నాను.

మైక్రోసాఫ్ట్ టు డు తీసుకున్నాం. విండోస్‌లో ఇప్పటికే ఖాతాలు ఉండటం, డబ్బు లేకపోవడం రెండూ కారణాలే. థింగ్స్ కొనలేదు. ఇప్పటికీ మ్యాక్ తెరిచినప్పుడు అది గుర్తొస్తుంది, ఆ మాట దాచను. ప్రూఫులు దిద్దే వారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. అంత ఇష్టమైనదాన్ని నాకు వద్దని చెప్పడం సులువు కాదు.

జాబితాలు ఎక్కించడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం కూర్చున్నాం. నేను రిజిస్టరు చూసి పేరు చదువుతాను, అమ్మాయి ఎక్కిస్తుంది, కుర్రవాడు పోర్టల్‌లో ఆ పార్టీ ఏ పద్ధతిలో ఉందో చూస్తాడు. నలభై మూడు పేర్లకు మూడున్నర గంటలు పట్టింది. అలా చూస్తుంటే నాలుగు పార్టీలు మూడు నెలల పద్ధతికి మారిపోయి ఉన్నాయని బయటపడింది. నా రిజిస్టరులో, నా ఫోనులో ఇంకా నెలనెలా 11, 20 అనే ఉన్నాయి. 11కు ముందే వేసేస్తుండటంతో నష్టం జరగలేదు, కానీ అనవసరంగా హడావిడి పడుతున్నాం. ఈ పని ఏ యాప్ కోసమూ కాకపోయినా ఎప్పుడో చేసి ఉండాల్సింది.

తర్వాత గంట పరీక్ష పెట్టాం. మూడు ఫోనులూ బల్ల మీద పక్కపక్కన బోర్లా పెట్టి, ఎవరికి వాళ్లం సాయంత్రం 4:15కు ఒక పని పెట్టుకున్నాం. టీ తెప్పించుకుని కూర్చున్నాం. నాది మోగింది. అమ్మాయిది మోగింది. కుర్రవాడిది మోగలేదు. వాడు ‘సౌండు పెట్టాను మేడమ్’ అంటూ ఫోను ఎత్తబోతే ముట్టుకోవద్దని ఆపాను. 4:34కు మోగింది. మీరు చెప్పిన బ్యాటరీ పరిమితి తీసేశాం, ఆటోస్టార్ట్ వేశాం. మళ్లీ 5:00కు పెడితే 5:00కే మోగింది. ఆ పందొమ్మిది నిమిషాలు కళ్లారా చూడకపోయి ఉంటే 20వ తేదీన వాడి ఫోనునే నమ్ముకుని ఉండేదాన్ని.

గడువుకు ఒక గంట, దాని కింద పార్టీల పేర్లు అన్న పద్ధతే పెట్టాం. ఎవరి గంట వాళ్ల ఫోనులోనే. ఒక్కో పార్టీ పక్కన బాధ్యుల పేరు ఉంటుంది. బాధ్యుల పేరు లేకుండా ఒక్కటి కూడా ఉండకూడదని నియమం పెట్టుకున్నాం. తెలుగు పేర్లు అన్ని చోట్లా సరిగ్గానే కనిపిస్తున్నాయి, ‘లక్ష్మీ’ అని వెతికితే నలుగురు లక్ష్ములూ వచ్చారు. వరంగల్ చెల్లి చెప్పినట్టు నెలాఖరున ముద్రించి రిజిస్టరులో అంటిస్తున్నాను. షీట్ గురించి చెప్పిన కరీంనగర్ వారి మాట కూడా పాటిస్తున్నాం, సంవత్సరం మొత్తం చూసుకోవడానికి ఒకటి తయారుచేశాం. అమ్మ మందులు, ఫిజియోథెరపీ రోజులు మాత్రం నా ఐఫోను రిమైండర్స్‌లోనే ఉన్నాయి. అవి నావి.

మొన్న 20న అమ్మకు ఎక్స్‌రే ఉంది, మళ్లీ గుంటూరులోనే. ఉదయం పది గంటలకు ఫోను మోగింది. ఈసారి ఆపి వదిలేయలేదు, జాబితా తెరిచాను. అందులో అదే రైసు మిల్లు, కింద అమ్మాయి రాసిన గమనిక: ‘రైలు ఆలస్యం, వేమూరు దగ్గర ఆగింది. ఓటీపీ 10:30కు చెప్తానన్నారు మిల్లు వారు. ఆఫీసులో తమ్ముడికి చెప్పాను, వేస్తాడు.’ ఎక్స్‌రే గది ముందు బల్ల మీద కూర్చుని చూస్తున్నాను. 10:52కు ఆ పేరు మీద టిక్కు పడింది. రిటర్ను అందినట్టు పోర్టల్ ఇచ్చిన ఏఆర్ఎన్ నంబరు కూడా కింద గమనికలో రాసి ఉంది.